బడి వెలుపలి చదువు: నగరిలో ఒక సంవాదం

బడికీ కళాశాలకూ వెలుపల ఊళ్లు తిరిగి, దొరికిన పని చేసి, చేతికందిన పుస్తకమల్లా చదివి మనిషి తనంతట తాను కూడబెట్టుకొనే జ్ఞానాన్ని స్వయంవిద్య అంటారు. దాని విలువ ఎంత, దాని హద్దు ఎక్కడ, పట్టా పుచ్చుకొన్న చదువుతో సమానంగా దాన్ని సమాజం గుర్తించాలా అన్న ప్రశ్నలు తెలుగునాట కనీసం రెండు వందల ఏళ్లుగా నలుగుతూనే ఉన్నాయి. వాటిని మళ్లీ విచారించడానికి చిత్తూరు జిల్లా నగరి తగిన చోటు. తమిళనాడు సరిహద్దును ఆనుకొని, రేణిగుంట–అరక్కోణం రైలుమార్గం మీద ఉన్న ఈ పట్టణంలోనూ, దాన్ని అంటుకొని ఉన్న ఏకాంబరకుప్పంలోనూ మరమగ్గాలు, అంటే కరెంటుతో నడిచే నేతయంత్రాలు, చాలా కుటుంబాలకు కూడు పెడుతున్నాయి. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడేవారికి ఇక్కడ కొదవ లేదు. పని కోసం ఒకవైపు తిరుపతికీ మరొకవైపు చెన్నైకీ రైలెక్కేవారికీ కొదవ లేదు. బడి ప్రమేయం లేకుండానే పనినీ ప్రయాణాన్నీ రెండో భాషనూ నేర్చుకొన్న జనం మధ్య ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితమై ఉండజాలదు.

ఈ సంవాదంలో మాట్లాడేవారు ఇద్దరు. ఒకరు ఉన్నత పాఠశాలలో చాలాకాలం సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన టీచరమ్మ. మరొకరు పదో తరగతి పూర్తికాకుండానే మగ్గాల షెడ్డులో చేరి, ఈరోడు, భివండి, సూరత్‌లలో పనులు చేసి తిరిగివచ్చి, ఇప్పుడు మరమగ్గాలు బాగుచేస్తూ రాత్రిళ్లు పుస్తకాలు చదివే మేస్త్రీ. ఇద్దరూ కల్పిత పాత్రలే. వారి నోట వచ్చే రచయితలూ గ్రంథాలూ సంవత్సరాలూ మాత్రం వాస్తవాలు.

టీచరమ్మ: బడి మానిన గొప్పవారి కథలు చెప్పుకోవడం జనానికి చాలా ఇష్టం, మేస్త్రీగారూ. ఆ కథల వల్ల జరిగే కీడు మాత్రం లెక్కలోకి రాదు. ఏడో తరగతి పిల్లవాడిని కండెలు చుట్టడానికి, అంటే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు నూలు ఎక్కించే పనికి, పంపాలనుకొన్న తండ్రి బడికి వచ్చి చెప్పే మొదటి మాట, చదువుకోనివాళ్లు బాగుపడలేదా అన్నదే. అలాంటి తండ్రికి చెప్పవలసిన కథ ఇక్కడికి కూతవేటు దూరంలోనే ఉంది. ఈరోజు తమిళనాడులో ఉన్నా, 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే. అక్కడ 1888లో ఒక సామాన్య తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో, ఆ తర్వాత వేలూరులో, మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఉపకారవేతనాల మీద చదివి, తత్త్వశాస్త్రంలో ప్రపంచమెరిగిన ఆచార్యుడై రాష్ట్రపతి పీఠం ఎక్కారు. ఆ కుటుంబానికి ఆస్తులు లేవు, అండ లేదు. ఉన్నది బడి ఒక్కటే. పేదవాడికి బడిని మించిన బాట ఇంకొకటి లేదని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

మేస్త్రీ: రాధాకృష్ణన్ విషయంలో ఎవరికీ వివాదం ఉండదు, టీచరమ్మా. అయితే ఆయన తత్త్వశాస్త్రాన్ని ఎంచుకోవడానికి కారణంగా చెప్పేది చదువు ముగించిన ఒక బంధువు తన తత్త్వశాస్త్రం పుస్తకాలను ఆయనకు ఇవ్వడం. కొత్త పుస్తకాలు కొనే స్తోమత లేని ఇంట్లో చేతికందిన పుస్తకమే ఆయన దారిని నిర్ణయించింది. బడి తలుపు తీసిందన్నది నిజమే, కాని లోపల ఏ గదిలోకి వెళ్లాలో చెప్పింది అయాచితంగా దొరికిన పుస్తకం. స్వయంవిద్య అనేది బడికి పగది అనుకోవడంలోనే పొరపాటు ఉంది. బడి పెద్దగా లేని రోజుల్లో కూడా ఈ నేల మీద చదువుకొన్నవారు ఉన్నారు. ఏనుగుల వీరాస్వామి సంగతి చూడండి. తొమ్మిదేళ్లకే తండ్రి పోయాడు, పన్నెండేళ్లకు కంపెనీ కచేరీలో జీతం లేని ఉమేదువారుగా, అంటే పని నేర్చుకొంటూ కొలువు కోసం ఎదురుచూసే కుర్రవాడిగా, చేరాడు. చివరికి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ అయ్యాడు. దుబాసీ అంటే న్యాయమూర్తికి తెలియని భాషలో సాక్షి చెప్పింది అతనికి తెలిసే భాషలోకి మార్చి చెప్పే ఉద్యోగి. ఆయన 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, తిరుపతి మీదుగా కాశీ దాకా వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. దారిలో ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, ఏ నాణెం ఎక్కడ చెల్లుతుంది, ఏది ఏ ధరకు దొరుకుతుంది, ఎవరి ఆచారం ఎలాంటిది అన్నవన్నీ రాసుకొన్నాడు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రను ఈనాటికీ చరిత్రకారులు తిరగేస్తున్నారు. అది రాయడం ఏ బడీ నేర్పలేదు.

టీచరమ్మ: వీరాస్వామి గొప్పవాడే. కాని ఆయన ప్రయాణాన్ని దొరికిన రైలెక్కి వెళ్లే కూలి ప్రయాణంతో కలపకూడదు. బోయీలు మోసే పల్లకీలు, గుడారాలు, పరివారం, ఇంచుమించు నూరుమంది జనం వెంట నడిచారు. కంపెనీ కొలువులో సంపాదించిన పలుకుబడి అన్నిచోట్లా ముందు నడిచింది. అసలు తిరగడమే చదువైతే, నగరి మీదుగా రాత్రీ పగలూ పోయే లారీల క్లీనర్లందరూ పండితులు కావాలి. వారు వీరాస్వామి కన్న ఎక్కువ దేశం చూశారు.

మేస్త్రీ: అది సరైన ప్రశ్న. దానికి సమాధానం కూడా వీరాస్వామి పుస్తకంలోనే ఉంది. ఆయన చూసినదాన్ని ఏ రోజుకారోజు రాశాడు, రాసింది మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపాడు; వీరాస్వామి మరణం తర్వాత దాన్ని అచ్చు వేయించింది ఆ మిత్రుడే. చదివేవాడొకడు ఉన్నాడని తెలిసి రాసినప్పుడు చూపు పదునెక్కుతుంది, ఊహకూ నిజానికీ మధ్య గీత గీయవలసి వస్తుంది, నిన్న రాసినదానికి ఈరోజు చూసింది విరుద్ధంగా ఉంటే దిద్దుకోవలసి వస్తుంది. లారీ క్లీనరుకు దేశం కనబడదని కాదు. చూసింది అడిగి తెలుసుకొనే మనిషి ఆయనకు లేడు. మగ్గాల షెడ్డులోనూ అంతే. ఇరవై ఏళ్లుగా మగ్గం నడిపేవాడికి దాని చప్పుడులో తేడా తెలుస్తుంది, కాని ఆ తేడా ఎందుకు వచ్చిందని అడిగి, విప్పి, మళ్లీ బిగించి, ఇంకొకడికి చెప్పినవాడే మేస్త్రీ అవుతాడు. పని, ప్రయాణం మనిషికి సరుకును మాత్రమే ఇస్తాయి. ఆ సరుకును చదువుగా మార్చేవి రాత, చదువరి, ప్రశ్న.

టీచరమ్మ వాదంలోని బలాన్ని మేస్త్రీ ఇక్కడ కాదనలేదు. దాన్ని తన వైపు తిప్పుకొన్నాడు. ఈ సందర్భంలో తలచుకోదగిన మరొక పేరు వెన్నెలకంటి సుబ్బారావుది. 1784లో ఒంగోలు ప్రాంతంలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, చిన్నాచితకా కొలువులు చేస్తూ ఇంగ్లీషూ ఇతర భాషలూ పట్టుబడేదాకా నేర్చుకొని, ఆయన మద్రాసు సదర్ అదాలత్‌లో, అంటే కంపెనీ వారి పెద్ద న్యాయస్థానంలో, 1815 నుంచి 1829 దాకా అనువాదకుడుగా, దుబాసీగా పనిచేశాడు. ఆయన ఇంగ్లీషులో రాసుకొన్న జీవితకథను 1873లో అచ్చువేశారు. 1820లో మద్రాసు పాఠ్యపుస్తక సంఘానికి ఆయన చేసిన నివేదనలో నాటి వీధిబడులలో పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారన్న విమర్శ ఉంది. తనంతట తాను చదువుకొన్నవాడే బడి బాగుపడాలని కోరడం గమనించదగిన సంగతి. బడి దొరకనివాడికి దాని విలువా దాని లోపమూ రెండూ తెలుస్తాయి.

టీచరమ్మ: పాతకాలం దుబాసీలను పక్కన పెట్టి దగ్గరి కాలానికి వద్దాం. ఊళ్లు తిరిగి, రకరకాల పనులు చేసి పండితుడైన తెలుగువాడు ఎవరని అడిగితే ఎవరైనా తిరుమల రామచంద్ర పేరే చెబుతారు.

మేస్త్రీ: ఆ పేరే చెప్పాలి. 1913లో అనంతపురం జిల్లా రాఘవంపల్లెలో పుట్టి, హంపీ శిథిలాల దాపున పెరిగి, తిరుపతిలో సంస్కృతం చదివి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లి, ఆ తర్వాత ఆయన చేయని పని లేదు, తిరగని చోటు లేదు. లాహోరులో రాతప్రతుల వివరణ పట్టికలు తయారుచేశారు. రాతప్రతి అంటే అచ్చుకాని చేతిరాత గ్రంథం. వివరణ పట్టిక అంటే ఆ గ్రంథం ఏ లిపిలో ఉంది, ఎన్ని ఆకులు, ఎవరు రాశారు, మొదలూ తుదీ ఏమిటి అని ఒక్కొక్కదానికీ పరిచయం రాసే పని. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైన్యంలో గుమాస్తాగిరీ చేశారు. హైదరాబాదులో అడవి బాపిరాజు సంపాదకుడుగా ఉన్న మీజాన్‌లో, ఆ తర్వాత ఇతర తెలుగు పత్రికల్లో పనిచేశారు. ఆ తిరుగుళ్లలోంచే మన లిపి పుట్టుపూర్వోత్తరాల మీద, నుడి మీద, నానుడి మీద పుస్తకాలు వచ్చాయి. గాథాసప్తశతి అనే ప్రాకృత గ్రంథంలో, అంటే సాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే, సంస్కృతం కాని నాటి జనవ్యవహార భాషలోని పద్యాల సంకలనంలో, తెలుగు మాటలు ఎక్కడెక్కడ దాగి ఉన్నాయో వెదికి చూపారు. ఆయన ఆత్మకథ హంపీ నుంచి హరప్పా దాక; దానికి ఆయన 1997లో మరణించిన తర్వాత 2001లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఒకే ఊళ్లో, ఒకే బల్ల ముందు కూర్చున్న పండితుడికి ఇన్ని లిపులూ ఇన్ని భాషలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటున్నట్లు వినబడి ఉండేవి కావు.

టీచరమ్మ: ఇన్ని చెప్పిన మేస్త్రీగారు మధ్యలో ఒక మాటను తొందరగా దాటేశారు. తిరుపతిలో సంస్కృతం చదివారు అన్న నాలుగు ముక్కల్లోనే అసలు సంగతంతా ఉంది. సంధి, సమాసం, ధాతువు తెలియనివాడి చేతికి లాహోరులో ఏ తాళపత్రం ఇచ్చినా అది ఎండుటాకే. ఆ వ్యాకరణం గురువు ముందు కూర్చొని, తప్పు చెప్పినప్పుడు దిద్దించుకొని, మళ్లీ అప్పగించి నేర్చుకొన్నది. రాహుల్ సాంకృత్యాయన్ పేరు కూడా ఈ వాదంలో తరచు వస్తుంది. ఆయన బడి చదువు మధ్యలో వదిలి దేశం మీద పడ్డాడు. 1913లో ఇక్కడికి ఎంతో దూరం లేని తిరుమళిశై మఠానికి సాధువుగా వచ్చి ఉన్నాడు. నాలుగుసార్లు టిబెట్టు వెళ్లి భారతదేశంలో నశించిపోయిన గ్రంథాల రాతప్రతులను వెదికి పట్టుకొన్నాడు. పట్టా లేకుండానే లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయంలో బోధించాడు. అయితే ఆయన టిబెట్టుకు బయలుదేరే ముందు శ్రీలంకలోని విద్యాలంకార పరివేణలో, అంటే బౌద్ధభిక్షువుల విద్యాలయంలో, పాళీ భాషనూ త్రిపిటకాలనూ క్రమపద్ధతిలో అభ్యసించాడన్నది చెప్పరు. సంచారుల కథలన్నింటిలోనూ ఎక్కడో ఒకచోట కదలకుండా కూర్చున్న కాలం ఉంటుంది. కథ చెప్పేవాళ్లు ఆ కాలాన్ని వదిలేస్తారు, ఎందుకంటే అందులో చెప్పుకోవడానికి సాహసం లేదు.

ఈ సంవాదంలో ఇంతవరకు వచ్చిన మాటలన్నింటిలోకీ బరువైనది ఇదే. స్వయంవిద్యను కీర్తించే రచనలు సాధారణంగా ప్రయాణపు మజిలీలను లెక్కిస్తాయి గాని, అభ్యాసపు ఏళ్లను లెక్కించవు. దీనికి మేస్త్రీ ఇచ్చిన జవాబు కూడా తేలికగా తీసివేయదగింది కాదు.

మేస్త్రీ: కదలకుండా కూర్చోవాలన్నది ఒప్పుకోవలసిందే. కాని కూర్చోవలసిన చోటు బడే కానక్కరలేదు. రామచంద్రగారికి లాహోరులో రాతప్రతుల కట్టల ముందు కూర్చోవడం కూలి పని, చదువూ అదే. ఆరుద్ర పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో, 1943లో, కళాశాల చదువు ఆపి వైమానికదళంలో బ్యాండు వాయించే కుర్రవాడిగా చేరారు. తర్వాత పత్రికల్లో, సినిమాల్లో పాటల పనిలో బతికారు. అదే మనిషి 1965 నుంచి సమగ్ర ఆంధ్ర సాహిత్యాన్ని పన్నెండు సంపుటాలుగా వెలువరించారు. ఒక విశ్వవిద్యాలయ శాఖ అంతా కలిసి చేయవలసిన పని అది. అందుకు కావలసిన శాసనాలు, తాళపత్రాలు, పాత పత్రికలు ఆయన ఇంట్లో పుట్టలేదు. మద్రాసు నగరంలోని గ్రంథాలయాల్లో ఉన్నాయి. కూలి పనికి వెళ్లినవాడైనా, సినిమాకు పాట రాసినవాడైనా పని ముగించుకొని వచ్చి కూర్చోవడానికి తెరిచి ఉన్న గది ఒకటి ఉండాలి. ఆ గదిని బడి అని పిలిచినా, గ్రంథాలయం అని పిలిచినా అభ్యంతరం లేదు.

టీచరమ్మ: ఆ గది దొరకనివారి కథ కూడా చెప్పాలి కదా. శారద సంగతి ఏమంటారు? అసలు పేరు నటరాజన్. 1924లో పుదుక్కోట్టలో పుట్టిన తమిళ పిల్లవాడు. పొట్ట చేతబట్టుకొని పన్నెండు పదమూడేళ్ల వయసులో తెనాలి చేరాడు. హోటళ్లలో సర్వరుగా బల్లలు తుడుస్తూ, పలహారాలు అందిస్తూ తెలుగు నేర్చుకొన్నాడు. మాతృభాష కాని తెలుగులో మంచీ చెడూ, అపస్వరాలు, ఏది సత్యం వంటి నవలలూ, ఎన్నో కథలూ రాశాడు. హోటలు కార్మికుడి కళ్లతో తెనాలి పట్టణాన్ని, దాని డబ్బునూ దాని బీదరికాన్నీ చూపించిన రచన అది. సరిహద్దు ఊరైన నగరిలో అటువంటి పిల్లలు, ఇంట్లో ఒక భాష, బతుకులో ఇంకొక భాష ఉన్నవాళ్లు, వీధికొకరు ఉంటారు కాబట్టి ఆయన కథ ఇక్కడివారికి దగ్గరగా తగులుతుంది. అయితే ఆయన మూర్ఛవ్యాధితో, పేదరికంతో 1955లో, ముప్పై ఒక్క ఏళ్లకే పోయాడు. అంత ప్రతిభకు ఈ సమాజం ఇచ్చింది సర్వరు ఉద్యోగం. పదో తరగతి పట్టా ఒక్కటి చేతిలో ఉంటే ఏ కార్యాలయంలోనో గుమాస్తాగా చేరి, వైద్యం చేయించుకొని, ఇంకో ముప్పై ఏళ్లు రాసి ఉండేవాడు. స్వయంవిద్య మనసును నింపుతుంది. కడుపును నింపుతుందన్న పూచీ లేదు. పిల్లవాడిని బడిలో ఉంచమని తల్లిదండ్రులను వేడుకొనే టీచరు చెప్పేది ఈ ఒక్క సంగతే.

మేస్త్రీ కొంతసేపు మాట్లాడలేదు. శారద పేరు తీసినప్పుడు తేలిక సమాధానం ఇచ్చే హక్కు ఎవరికీ లేదని ఆయనకు తెలుసు.

మేస్త్రీ: శారద చావుకు ఆయన చదువుకొన్న తీరును తప్పుపట్టలేం. తప్పు ఆ చదువును గుర్తించని లోకానిది. తెనాలిలో ఆయనకు దొరికినవి రెండు ఉన్నాయి, వాటినీ చెప్పాలి. పుస్తకాలు చదివే పట్టణం దొరికింది. తోటి మిత్రులు దొరికారు. ఆ మిత్రుల్లో ఒకరు ఆలూరి భుజంగరావు. ఆయనదీ హోటలు పనే. ఆయన హిందీ పట్టుదలగా నేర్చి, టీచరమ్మగారు ఇందాక చెప్పిన రాహుల్ సాంకృత్యాయన్ గ్రంథాలనే తెలుగులోకి తెచ్చారు. శారద జీవితాన్ని సాహిత్య బాటసారి శారద అన్న పేరుతో పుస్తకంగా రాశారు. దేశం తిరిగిన ఉత్తరాది సంచారి మాటలు తెలుగు పాఠకుడికి అందింది హోటల్లో కప్పులు కడిగిన చేతుల మీదుగా. ఇద్దరు కార్మికులు ఒకరి రాత ఒకరు చదివి, ఒకరి తప్పు ఒకరు దిద్దుకొన్న చోట ఒక విద్యాలయం ఉన్నట్టే. ఒంటరిగా చదివినవాడికి తన తప్పు కనబడదు, అహంకారం ముదురుతుంది. దాన్ని చాలామంది స్వయంపండితులలో చూస్తూనే ఉన్నాం. కాబట్టి బడిలో టీచరు చేసే దిద్దుబాటు బడి బయట ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న.

టీచరమ్మ: ఒప్పుకొన్నందుకు సంతోషం. కాని ఇంకొక ప్రశ్న మిగిలింది, అది అడగకపోతే ఈ చర్చ సగమే అవుతుంది. ఇంతసేపూ వచ్చిన పేర్లన్నీ మగవారివే. ఊళ్లు తిరుగు, దొరికిన పని చెయ్యి, సత్రంలో పడుకో అన్న సలహా ఆడపిల్లకు ఎవరిస్తారు? మగ్గాలున్న ఇంట్లో పన్నెండేళ్ల ఆడపిల్ల కండెలు చుడుతుంది, నీళ్లు మోస్తుంది, తమ్ముణ్ణి ఎత్తుకొంటుంది. ఆమెకు ఇల్లు దాటే అనుమతి ఉన్న చోటు బడి ఒక్కటే. బడిని తక్కువ చేసే ప్రతి మాటా ముందుగా మూసేది ఆ తలుపునే.

మేస్త్రీ: దీనికి ఎదురుచెప్పడానికి ఏమీ లేదు. అయినా ఒక పేరు చెప్పాలి. భండారు అచ్చమాంబ.

టీచరమ్మ: ఆ పేరు టీచర్లే ముందుగా చెప్పవలసింది. 1874లో పుట్టింది, పదేళ్లకే పెళ్లి, బడి ముఖం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట్లో ఉండి చదువుకొంటుంటే, ఆ పక్కనే కూర్చొని తెలుగూ హిందీ మొదలుపెట్టి, తర్వాత మరాఠీ, గుజరాతీ, బెంగాలీ వంటి భాషలు నేర్చుకొంది. దేశంలోని స్త్రీల చరిత్రలు సేకరించి 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల ప్రచురించింది, కథలు రాసింది, ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు నెలకొల్పడానికి శ్రమించింది, 1905లో కన్నుమూసింది. ఆమె చదువు ప్రయాణంతో మొదలు కాలేదు, చదువు వల్ల ప్రయాణం సాధ్యమైంది. ఆడపిల్ల విషయంలో వరుస తారుమారు. అందుకే ఆమెకు ముందు అక్షరం కావాలి, ఆ అక్షరం ఇంట్లో తమ్ముడి దయ మీద ఆధారపడకూడదు. అచ్చమాంబకు దొరికినటువంటి తమ్ముడు అందరికీ దొరకడు. ప్రభుత్వ పాఠశాల అందరికీ దొరకాలి.

ఈ భాగంలో టీచరమ్మ వాదమే నిలుస్తుంది. ప్రయాణం ద్వారా విద్య అన్న ఆదర్శం కులం, డబ్బు, ఆడమగ తేడాల మీదుగా నడిచేటప్పుడు ఎంత అసమానంగా అందుతుందో ఒప్పుకోకుండా దాన్ని గురించి రాయడం న్యాయం కాదు. ఇక మిగిలింది గుర్తింపు ప్రశ్న: పని ద్వారా, చదువు ద్వారా ఒకడు సంపాదించిన జ్ఞానాన్ని కొలిచి పట్టా ఇవ్వవచ్చా?

మేస్త్రీ: పట్టా ఇవ్వవచ్చని ఈ తెలుగునేలే దేశానికి మొదట చూపింది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నది అదే. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాలలో అదే మొదటిది. సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటే రోజూ తరగతికి రానక్కరలేకుండా, పని చేసుకొంటూనే ఇంటి దగ్గర పాఠాలు చదువుకొని పరీక్ష రాయగలిగే సంస్థ. ఇంటర్మీడియట్ లేనివారు కూడా అర్హత పరీక్షలో నెగ్గితే డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. ఎక్కడ నేర్చుకొన్నావు అని అడగలేదు, ఎంత నేర్చుకొన్నావో చూపించు అంది. మగ్గం మేస్త్రీకి, లారీ డ్రైవరుకు, హోటలు కార్మికుడికి కావలసింది ఆ మాటే.

టీచరమ్మ: ఆ మాటకు హద్దు కూడా ఉండాలి. మగ్గం తప్పుగా బిగిస్తే గుడ్డ పాడవుతుంది; పుస్తకం చదివి వైద్యం చేస్తే మనిషి పోతాడు. ఇంకొకరి ప్రాణం చేతిలో ఉండే విద్యల్లో పర్యవేక్షణ లేని అభ్యాసాన్ని ఏ కారణం చేతా మన్నించకూడదు. భాష, చరిత్ర, సాహిత్యం, యంత్రాల పని, వ్యాపారం వంటివాటిలో మాత్రం మేస్త్రీగారు చెప్పిన దారిలో పరీక్షలు పెట్టడానికి అడ్డేమీ కనబడదు. పుట్టపర్తి నారాయణాచార్యులు పన్నెండేళ్లకు రాసిన పెనుగొండ లక్ష్మి కావ్యం, తర్వాత ఆయన రాసిన విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథంగా వచ్చిందన్న సంగతి అందరూ ముచ్చటగా చెప్పుకొంటారు. తన పుస్తకమే పాఠమైనా ఆయన ఆ పరీక్ష రాయవలసి వచ్చింది, ఎందుకంటే పండితుడి ఉద్యోగానికి ఆ కాగితం కావాలి. ముచ్చట పడవలసిన సంగతి కాదది, ఆలోచించవలసిన సంగతి. తెలిసినవాడి దగ్గరికి పరీక్షే వెళ్లాలి.

మేస్త్రీ: పరీక్ష కన్న ముందు గది కావాలి, టీచరమ్మా. మగ్గాల షెడ్డులో పని ఆగేది చీకటి పడ్డాక. ఆ వేళకు తెరిచి ఉండి, తెలుగూ తమిళమూ రెండు భాషల పుస్తకాలూ ఉండి, చదివినదాన్ని నలుగురు కూర్చొని వాదించుకోగల చోటు ఉంటే, బడి మానేసిన కుర్రవాడు మళ్లీ చదువులోకి వస్తాడు. టీచర్లు పదవీ విరమణ తర్వాత వారానికి ఒక సాయంత్రం అక్కడికి వచ్చి, రాసినది దిద్దిపెడితే చాలు.

టీచరమ్మ: పిలిస్తే రాని టీచరు ఉండదు. కాని ఆ గదిలోకి ఆడపిల్లలు కూడా భయం లేకుండా వచ్చే వేళా, వెలుతురూ ఉండాలి. అది మాటగా ఇస్తేనే.

ఇద్దరూ చివరికి గ్రంథాలయం దగ్గరికి చేరడం యాదృచ్ఛికం కాదు. తెలుగునాట స్వయంవిద్యకు సమష్టి రూపం ఇచ్చింది గ్రంథాలయోద్యమమే. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య తదితరుల ప్రయత్నంతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు తొలిసారి సమావేశమై సంఘం పెట్టుకొన్నారు. 1930లలో పాతూరి నాగభూషణం వంటివారు కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టుకొని ఒడ్డునున్న పల్లెలకు అందించారు. పట్టాలు లేని రైతులు, చేతివృత్తులవారు చదువరులు కావడానికి ఆ పడవలూ ఆ గదులూ కారణం. చిన్న ఊళ్లలో గ్రంథాలయం పత్రికలు తిరగేసే చోటుగా మిగిలిపోవడం, పనివారు ఇంటికి చేరే వేళకు దాని తలుపులు మూసి ఉండడం ఆ ఉద్యమానికి జరుగుతున్న అన్యాయం. నగరిలోనైనా మరెక్కడైనా స్వయంవిద్య మీద గౌరవం ఉన్నవారు మొదట అడగవలసింది గ్రంథాలయం వేళల గురించి, పుస్తకాల కొనుగోలు గురించి, ఆడపిల్లలకు అక్కడ ఉండవలసిన భద్రత గురించి. ఆ అడిగే హక్కు దానం కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతున్నది. మగ్గం నేసేవారి ఇంటినుంచీ, హోటలు నడిపేవారి ఇంటినుంచీ, టీచరు ఇంటినుంచీ ఆ పైసలు వెళుతున్నాయి.